భుజం దగ్గర అరంగుళం

సరుకుల చీటీ కన్నా పెద్దది నేను ఇంతవరకు రాయలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్ పక్కన, హ్యాంగర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పద్నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. హ్యాంగర్ అంటే బీరువాలో కోటు తగిలించేదే. వేరే ఏదో పెద్ద వస్తువు అనుకోకండి. కోటు ఎన్నాళ్ళు వేలాడినా దాని ఆకారం చెడకుండా ఉండేలా హ్యాంగర్ రూపం తయారుచెయ్యడం నా పని.

నేను మానేసే ముందు ఒక అమ్మాయి కొత్తగా చేరింది. పెద్ద చదువు చదివింది. మొదటి రోజే అడిగింది, "ఆంటీ, ఇందులో డిజైన్ చెయ్యడానికి ఏముంటుంది? హాఫ్ డే పని కదా?" అని. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ అమ్మాయి కోసం, ఆమె తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, పార్టీ ఎప్పుడు చేశారు లాంటివి ఇందులో లేవు.

నేను ఎలా చేరాను

తెనాలిలో ఒక లేడీస్ టైలర్ దగ్గర కుట్టుపని నేర్చుకున్నాను. చదువు ఐదో తరగతి. మా ఆడపడుచు కాగితాలు పెడితే నేనూ మా ఆయనా ఇక్కడికొచ్చాం. మా ఆయన కారు సామాన్లు ప్యాక్ చేసే చోట కుదిరాడు. నేను డ్రైక్లీనింగ్ షాపులో ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు వెయ్యడం చేసేదాన్ని.

ఒకరోజు ఒక తెల్లాయన కోటు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండు భుజాల మీదా చిన్న కొమ్ముల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి. కుట్టినవాడు సరిగ్గా కుట్టలేదు, బాగుచెయ్యండి అన్నాడు. నేను కోటు తిప్పి చూశాను. కుట్టు శుభ్రంగా ఉంది. నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను, కోటు తప్పు కాదు, మీరు తగిలించే హ్యాంగర్ చెత్తది, దాన్ని పారెయ్యండి అని. ఆయన నా మొహం చూసి, ఆ హ్యాంగర్ తయారుచేసేది నేనే అన్నాడు.

నా ఉద్యోగం పోయిందనుకున్నాను. మర్నాడు ఆయన మళ్ళీ వచ్చి, వాళ్ళ కంపెనీలో చేరతారా అని అడిగాడు. ఆయనే స్టాన్ సార్. సార్ అనొద్దని పద్నాలుగేళ్ళు చెప్పాడు. నేను పద్నాలుగేళ్ళు అన్నాను.

స్టాన్ సార్ గురించి ఉన్నమాట

ఆయన మంచివాడు. నువ్వేం చదివావని ఒక్కసారి కూడా అడగలేదు. కానీ హ్యాంగర్ విషయంలో మాత్రం కొంచెం తేడా మనిషి. ఎవరింటికెళ్ళినా ముందు వాళ్ళ కోట్ల బీరువా తెరిచేవాడు. చెడ్డ హ్యాంగర్ కనిపిస్తే మొహం మాడిపోయేది.

ఒకసారి మా కంపెనీలో పనిచేసిన ముసలాయన పోతే చూడటానికి అందరం ఫ్యూనరల్ హోమ్‌కి వెళ్ళాం. చలికాలం. వచ్చినవాళ్ళ కోట్లన్నీ ముందుగదిలో ఒక కర్రకి వేలాడుతున్నాయి, సన్నటి ఇనపతీగ హ్యాంగర్ల మీద. స్టాన్ సార్ లోపలికి రాలేదు. కారులోంచి మన హ్యాంగర్లు రెండు పెట్టెలు తెచ్చి, ఒక్కొక్క కోటూ తీసి మార్చడం మొదలుపెట్టాడు. నన్ను కూడా పట్టుకోమన్నాడు. పోయినాయన భార్య అటు వచ్చింది. మమ్మల్ని అక్కడ పనివాళ్ళనుకుంది. తన కోటు విప్పి స్టాన్ సార్ చేతికిచ్చి, జాగ్రత్తండీ, ఇది మా ఆయన కొనిచ్చింది అంది. స్టాన్ సార్ ఆ కోటుకి మూడు హ్యాంగర్లు మార్చి చూసి, నాలుగోదానికి తగిలించాడు. అప్పుడు ఏడ్చాడు. లోపలికి మాత్రం చివరిదాకా రాలేదు.

అలాంటి బాస్ దగ్గర పని నేర్చుకోవచ్చు. ఆయనతో కలిసి ఎవరింటికైనా భోజనానికి మాత్రం వెళ్ళకండి.

పని అంటే ఇది

మనిషి భుజం తిన్నటి గీత కాదు. మెడ దగ్గర ఎత్తుగా ఉండి, కిందికి జారి, చివర్లో కాస్త ముందుకి వంగుతుంది. హ్యాంగర్ కూడా అలాగే వంగాలి. చివర్లు వెడల్పుగా, గుండ్రంగా ఉండాలి. చెయ్యి అతికే కుట్టు దాకా వెళ్ళకుండా కాస్త లోపలే ఆగిపోవాలి. ఎక్కువైతే చేతిని తోసేస్తుంది, తక్కువైతే భుజం వాలిపోతుంది. ఇంతే. ఇది తెలుసుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఇది పుస్తకంలో దొరకదు. మనుషుల్ని వెనక నుంచి చూడాలి. గుళ్ళో ప్రదక్షిణలు చేసేటప్పుడు నేను దేవుడి వైపు తక్కువ, ముందు నడిచేవాళ్ళ భుజాల వైపు ఎక్కువ చూసేదాన్ని. ఒకావిడ వాళ్ళాయన్ని నా ముందు నుంచి లాక్కుని అవతలికి తీసుకెళ్ళింది. ఏమని చెప్తాను?

ముందు ఫోమ్ అంటారే, ఆ మెత్తటి నురగ దిమ్మని చాకుతో చెక్కుతాను. దాని మీద కోటు వేసి చేత్తో తడుముతాను. బాగుందనిపించేదాకా చెక్కుతాను. ఆ దిమ్మని చూసి బయటివాళ్ళు స్టీలు అచ్చు చేస్తారు. అచ్చులోంచి వేల హ్యాంగర్లు వస్తాయి. కొలతలు రాసేదాన్ని కాదు. నా చెయ్యే కొలత.

శ్రీకాంత్ వచ్చాడు

నేను చేరిన పదో ఏట శ్రీకాంత్ వచ్చాడు. కరీంనగర్ అబ్బాయి. ఒక పెద్ద కంపెనీలో కారు సీట్లు డిజైన్ చేసేవాడు. అక్కడ చాలామందిని తీసేశారు, అతన్నీ తీసేశారు. హెచ్‌వన్ వీసా. అరవై రోజుల్లో ఇంకో కంపెనీ వీసాకి అప్లై చెయ్యకపోతే భార్యనీ, ఫస్ట్ గ్రేడ్ చదివే కూతుర్నీ తీసుకుని దేశం వదిలి వెళ్ళాలి. యాభై రోజులు అయిపోయాయి. ఇంట్లో సోఫా అప్పటికే అమ్మేశారు.

సరిగ్గా అప్పుడే మా కంపెనీకి ఒక సూట్ల షాపువాళ్ళు కొత్తరకం హ్యాంగర్ అడిగారు. భుజంలో దూది ప్యాడ్ లేని పల్చటి కోట్ల కోసం. వాళ్ళకి పరీక్ష రిపోర్టులు కావాలి. రిపోర్టులు రాసేవాళ్ళు మాకు లేరు. స్టాన్ సార్ శ్రీకాంత్‌ని పనిలోకి తీసుకుని లాయర్ చేత వీసా కాగితాలు పంపించాడు. కాగితాలు వెళ్ళాయి కాబట్టి పనిలో చేరొచ్చన్నారు. కాకపోతే జవాబు వచ్చేదాకా నమ్మకం లేదు.

పాపం, భయంతో అతను కారు సీటుకి చేసినట్టే హ్యాంగర్‌కీ అన్నీ చేశాడు. వేడి, తేమ ఉండే గది కట్టించాడు. దాంట్లో పన్నెండు కోట్లు వేలాడదీశాడు. కోటుని హ్యాంగర్‌కి తగిలించి మళ్ళీ తీసే మిషన్ ఒకటి తయారుచేశాడు. రోజూ వందలసార్లు తగిలించి తియ్యాలి. మొదటి రోజు ఆ మిషన్ కోటుని విసిరి స్టాన్ సార్ తల మీద వేసింది. శ్రీకాంత్ మొహం తెల్లబోయింది. స్టాన్ సార్ కోటు లోపల నుంచే, అది రాసిపెట్టుకో అన్నాడు.

మధ్యాహ్నం నా డబ్బాలోంచి అతనికి కూడా అన్నం పెట్టేదాన్ని. గోంగూర పప్పు ఉన్నరోజు మాట్లాడకుండా తినేవాడు. మిగతా రోజుల్లో ఒకటే అడిగేవాడు. "ఆంటీ, అప్రూవ్ అయితదంటారా?" నాకేం తెలుసు? అవుతుంది బాబూ, తిను అనేదాన్ని.

కోటు పెరుగుతోంది

ఒక మంగళవారం అతను నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కూర్చోలేదు.

"ఆంటీ, ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. కోట్లు పెరుగుతున్నయి."

"పెరగడమేంటి? అవేమన్నా పొట్లకాయలా?"

"భుజాల దగ్గర ఆంటీ. రోజూ కొలుస్తున్న. మొదట్ల నా కొలత తప్పనుకున్న. తప్పు కాదు. హ్యాంగరే పెద్దగుంది. రెండు పక్కలా అరంగుళం."

నాకు కోపం వచ్చింది. నిన్నగాక మొన్న వచ్చినవాడు, కారు సీట్లు చేసేవాడు, నా చేతికి తప్పు పడతాడా అనుకున్నాను. రెండు రోజులు అతనికి అన్నం పెట్టలేదు. అతను వెండింగ్ మిషన్‌లో చిప్స్ కొనుక్కుని తిన్నాడు.

ఇంటికెళ్ళి బీరువా తెరిచాను. మా ఆయన కోటు నాలుగేళ్ళ నుంచి నా హ్యాంగర్ మీదే వేలాడుతోంది. ఆ మధ్య ఆయన ఒకటే సంబరం, పొద్దున్నే నడుస్తున్నందుకు ఒళ్ళు తగ్గింది, కోటు వదులైంది అని. గుడికి వచ్చిన అందరికీ చెప్పాడు. ఇద్దరు ముగ్గురు ఆయన మాట విని నడక మొదలుపెట్టారు కూడా. టేపు తెచ్చి కోటు కొలిచాను. కొన్నప్పటి కొలత కన్నా అటు అరంగుళం, ఇటు అరంగుళం ఎక్కువ.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు మా ఆయన.

"మీరు తగ్గలేదండి. కోటు పెరిగింది."

ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారం మా ఇంట్లో, ఆఫీసులో, ఎక్కడా ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు.

తప్పు ఎక్కడుందో నాకు అప్పుడు అర్థమైంది. జాకెట్టు కుట్టేటప్పుడు లోపల మార్జిన్ వదలడం మాకు నేర్పిన మొదటి పాఠం. ఇవాళ సరిపోయింది రేపు బిగుతవుతుంది, అప్పుడు విప్పుకుని వదులు చేసుకోవాలి. మా గురువుగారు మార్జిన్ వదలని జాకెట్టు మొహాన కొట్టేవాడు. నేను నురగ దిమ్మ చెక్కినప్పుడు కూడా, మనిషి లావెక్కితే ఎలా అని చెయ్యి దానంతట అదే మార్జిన్ వదిలేసింది. హ్యాంగర్ లావెక్కదని నా చేతికి ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ కోట్లలో దూది ప్యాడ్లుండి తప్పు బయటపడలేదు. మెల్లిగా, ఏళ్ళ మీద పెరిగాయి. పల్చటి కోటు నెలలోనే చెప్పేసింది.

అంటే పదేళ్ళుగా నా హ్యాంగర్లు కొన్న వాళ్ళందరి కోట్లూ పెరుగుతున్నాయి. స్టాన్ సార్‌కి చెప్తే ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. తర్వాత ఒక ఫైలు తీశాడు. కస్టమర్లు మెచ్చుకుంటూ రాసిన ఉత్తరాలు. ఒకాయన మీ హ్యాంగర్లు వచ్చాక నాకు దుస్తులు హాయిగా ఉంటున్నాయి అని రాశాడు. ఒక పళ్ళ డాక్టరు చక్కెర మానేసినందుకు భుజాలు సన్నబడ్డాయని రాసి, ఆ మాటకీ హ్యాంగర్‌కీ సంబంధమేంటో తెలియకపోయినా థాంక్స్ చెప్పాడు. స్టాన్ సార్ అన్ని షాపులకీ నిజం రాసి, పాతవి వెనక్కి పంపమన్నాడు. ఒక్కరూ పంపలేదు. రెండు షాపులు, పాతవి ఇంకా మిగిలుంటే మాకే ఇవ్వండి అన్నాయి.

ఆ గురువారమే రెండు డబ్బాలు తీసుకెళ్ళి ఒకటి శ్రీకాంత్ ముందు పెట్టాను. తప్పు నాదే అన్నాను. అతను తింటూ ఏడ్చాడు. "చెప్పాలా వద్దా అని వారం రోజులు నిద్రపోలే ఆంటీ. మీరు అలిగితే నా పని అయిపోతది అని మౌనిక కూడా భయపడ్డది." మౌనిక అతని భార్య.

మీకు చెప్పేది ఒకటి. పెద్దవాళ్ళ తప్పు పట్టుకుంటే చెప్పండి. చెప్పినవాడికి అన్నం పెట్టకపోవడం కూడా తప్పే. అది నేను చేశాను.

లాయరు అడిగింది

ఆ తర్వాతి వారమే ఇమిగ్రేషన్ నుంచి కవరు వచ్చింది. అవునని లేదు, కాదని లేదు. ఒక ప్రశ్న ఉంది. కోటు తగిలించే హ్యాంగర్ డిజైన్ చెయ్యడానికి ఇంజనీరింగ్ డిగ్రీ ఎందుకు అవసరమో రుజువు చెయ్యండి. చెయ్యకపోతే వీసా లేదు. అడిగినవాళ్ళని నేను తప్పుపట్టను. నాకూ అదే అనుమానం.

మా లాయరు ప్రియ అనే అమ్మాయి. ఇక్కడే పుట్టినా తెలుగు వచ్చు. స్పీకర్ ఫోన్‌లో మాట్లాడింది. గదిలో స్టాన్ సార్, ఆఫీసు చూసుకునే లిండా, శ్రీకాంత్, నేను. ఈ రంగంలో బాగా అనుభవం ఉన్న డిజైనర్ ఒకరు ఉత్తరం రాసి సంతకం చెయ్యాలి, డిగ్రీ లేకుండా ఈ పని కాదని చెప్పాలి అంది. అందరూ నావైపు చూశారు.

"ఓకే ఆంటీ, మీ డిగ్రీ ఏంటి?" అంది ప్రియ.

"ఐదో తరగతి అమ్మా."

ఫోన్ కట్ అయిందేమో అని లిండా దగ్గరికి వంగి చూసింది.

"ఆంటీ, అంటే ఎలిమెంటరీ స్కూలా?"

"అవునమ్మా. ఆరు మొదలుపెట్టాను. మానేశాను."

డిగ్రీ లేకుండా ఈ పని ఎవరూ చెయ్యలేరని, ఆ పని పదేళ్ళుగా చేస్తున్న ఐదో తరగతి మనిషి సంతకం పెట్టాలి. స్టాన్ సార్‌కి లిండా ఇది రెండుసార్లు వివరించాల్సి వచ్చింది. ఆయన, పోనీ ఆ మిషన్ చేత సంతకం పెట్టిద్దాం అన్నాడు. సరదాకి అనలేదు. లిండా, చదువు సంగతి రాయకుండా వదిలేద్దాం అంది. శ్రీకాంత్ తల దించుకుని, నా కోసం మీరు అబద్ధం రాయొద్దు ఆంటీ అన్నాడు. వాళ్ళమ్మాయి స్కూల్ నుంచి తెచ్చిన బొమ్మల రంగు అతని షర్టు చేతికి అంటుకుని ఉంది. అది చూస్తూ ఉండిపోయాను.

ఆ రాత్రంతా ఆలోచించాననీ, ఏదో గొప్ప ఉపాయం తట్టిందనీ రాస్తే బాగుంటుంది. అలా జరగలేదు. శ్రీకాంత్‌ని బయటికి పంపించి, నేను తెలుగులో చెప్తాను నువ్వు ఇంగ్లీషులో రాయమ్మా అన్నాను ప్రియతో. చెప్పింది ఇదీ.

"నా పేరు రాజ్యలక్ష్మి. చదువు ఐదో తరగతి. ఈ కంపెనీలో కోటుని నాకన్నా బాగా చూసేవాళ్ళు లేరు. అందుకే నా తప్పు పదేళ్ళు ఎవరికీ కనపడలేదు. ప్రతి హ్యాంగర్‌లోనూ భుజం దగ్గర అరంగుళం ఎక్కువ వచ్చింది. తప్పు చేసిన చేత్తోనే తడిమి చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. శ్రీకాంత్ లెక్క కట్టి పట్టుకున్నాడు. చదువు లేకుండా ఈ పని చెయ్యొచ్చా అని అడిగారు. చెయ్యొచ్చు. నేను చేశాను. అందుకే ఇంతమంది కోట్లు పెరిగాయి."

ప్రియ అంతా టైపు చేసి, "ఆంటీ, లాస్ట్ లైన్ ఉంచనా?" అంది. ఉంచమన్నాను. శ్రీకాంత్ కొలతల కాగితాలన్నీ, మా ఆయన కోటు ఫొటోతో సహా, దానికి కలిపి పంపింది.

ఆరు వారాలకి అప్రూవల్ వచ్చింది. శ్రీకాంత్ కాగితం చదివి, పరీక్ష గదిలోంచి ఒక పెద్ద సైజు కోటు తీసి వేసుకున్నాడు. సన్నటి మనిషి, కోటు మోకాళ్ళదాకా వచ్చింది. సాయంత్రం దాకా దాంతోనే తిరిగాడు.

నేను ఏమయ్యాను

తర్వాతి సోమవారం లిండా నా దగ్గరికొచ్చింది. మొహం బాగాలేదు. డిజైనర్ పనికి డిగ్రీ కావాలని మనమే గవర్నమెంటుకి రాసిచ్చాం, నువ్వే సంతకం పెట్టావు, ఇప్పుడు నీ పేరు డిజైనర్ల కింద ఎలా ఉంచను అంది. ఆమె చెప్పింది న్యాయంగానే ఉంది. మరి నన్నెక్కడ పెడతావు అన్నాను.

లిండా వారం ఆలోచించింది. మా కంపెనీలో డిగ్రీ లేకుండా మంచి చెడ్డ తేల్చేవి పరీక్ష సామాన్లు మాత్రమే. వేడిగది, తూకం, టేపులు. వాటి లెక్క రాసే పుస్తకంలో టేపుల కింద నా పేరు రాసింది. జీతం అదే, బల్ల అదే, పని అదే. కాకపోతే ఆ పుస్తకంలో ఉన్న ప్రతిదాన్నీ ఏడాదికోసారి తనిఖీ చేసి, సరిగ్గా పనిచేస్తోందని పచ్చ స్టిక్కర్ అంటించాలి. కొనేవాళ్ళ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. కాబట్టి నన్నూ తనిఖీ చెయ్యాలి.

ఆ పని శ్రీకాంత్‌కి పడింది. అతనికి చచ్చేంత సిగ్గు. మూడు కోట్లు తెచ్చి, ఏది చెడ్డ హ్యాంగర్ మీద ఉందో చెప్పండి ఆంటీ అనేవాడు. నేను కళ్ళు మూసుకుని తడిమి చెప్పేదాన్ని. అతను కొలిచి చూసి, పచ్చ స్టిక్కర్ మీద సంతకం పెట్టి నా కుర్చీకి అంటించేవాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి కుర్చీ చూసి, టిక్కు పెట్టుకుని వెళ్ళేవాడు. ఒక్కసారి కూడా ఏంటిది అని అడగలేదు.

నేను మానేసే రోజు కూడా తనిఖీ చేస్తానన్నాడు. మూడు కోట్లు తెచ్చాడు. మొదటిది తడిమాను. రెండోది, మూడోది తడిమాను. మళ్ళీ మొదటి నుంచి తడిమాను.

"తేడా తెలియట్లేదు బాబూ," అన్నాను. "చెయ్యి పోయినట్టుంది."

"తేడా లేదు ఆంటీ. మూడూ మంచియే. ఇయాల చెడ్డది పెట్టబుద్ధి కాలే."

స్టిక్కర్ మీద సంతకం పెట్టాడు. కింద, మళ్ళీ తనిఖీ ఎప్పుడు అని ఒక గడి ఉంటుంది. అందులో ఏం రాయాలో తెలియక పెన్ను పట్టుకుని నిలబడిపోయాడు. శనివారం మీ ఇంటికొస్తాను, మౌనికని వంకాయ కూర చెయ్యమను, పాప వింటర్ కోటు కూడా ఒకసారి చూస్తాను అన్నాను. గడి చిన్నది. శనివారం, వంకాయ వరకే పట్టింది.